చింతగింజంత పుండు

ఆ ఆదివారం ఉల్లికారం పూసిన దోసె ముక్క నోట్లో పెట్టుకోగానే నాలుక కుడి అంచు భగ్గుమంది. మంచినీళ్లు తాగాను, చక్కెర వేసుకున్నాను, మంట తగ్గలేదు. అద్దం ముందు నాలుక బయటపెట్టి చూస్తే అంచున తెల్లటి గీతలాంటిది, దాని మధ్యలో ఎర్రగా ఒరిసినట్టు కనిపించింది. దానికి సరిగ్గా ఎదురుగా ఉన్న దవడపన్ను ఎప్పుడో విరిగి మొనతేలి ఉంది. అదే గీరుకుంది అనుకున్నాను.

నేను మల్కాజ్‌గిరిలో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతాను. ఎనిమిది, తొమ్మిది, పది తరగతులు. రోజుకు ఆరు పీరియడ్లు మాట్లాడే పని. నోటిపూత మాకు కొత్త కాదు. స్టాఫ్ రూములో ఒకరు వేడి చేసిందన్నారు, ఒకరు బార్లీ తాగమన్నారు. విటమిన్ బిళ్లలు మింగాను. నెల గడిచింది. మా వీధి చివర పళ్ల డాక్టరు ఆ పన్ను మొన అరగదీసి, రెండు వారాల్లో మానకపోతే మళ్లీ రమ్మన్నాడు. మానలేదు. రెండోసారి వెళ్లినప్పుడు ఆయన తొడుగు వేసుకున్న వేలితో పుండు కింద నొక్కి చూసి, తొడుగు విప్పి పక్కన పెట్టాడు. తర్వాత, కింద గట్టిగా తగులుతోంది, ముక్క తీసి పరీక్షకు పంపాలి అని సికింద్రాబాద్‌లోని పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చాడు.

పరీక్షలో క్యాన్సరని వచ్చింది. నాకప్పుడు నలభై ఏడేళ్లు. మా ఆయన బేగంపేటలో ఆఫీసు నుంచి సెలవు పెట్టి వచ్చి, ఆ కాగితాన్ని మూడుసార్లు చదివి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఆసుపత్రిలో ప్రతి కౌంటరు దగ్గరా మొదటి ప్రశ్న ఒకటే. జర్దా, గుట్కా, వక్కపొడి ఏమైనా అలవాటుందా? లేదు అంటే నమ్మినట్టు తలూపేవారు కానీ కళ్లు వేరే చెప్పేవి. మా అత్తగారు భీమవరం నుంచి ఫోన్ చేసి, బడిలో పిల్లల మీద అరిచి అరిచి తెచ్చుకున్నావు అంది.

ఆమెను కలిసింది అక్కడే, డాక్టరు గది బయట ఇనప కుర్చీల వరసలో. నలభై దాటి ఉంటుంది. ఆకుపచ్చ చీర, మెడలో పుస్తెలతాడు మీదుగా టైలరు టేపు వేలాడుతోంది. దుకాణం నుంచి నేరుగా వచ్చినట్టుంది, తీయడం మరిచిపోయింది. పక్కన కూర్చున్న భర్త దాన్ని మెల్లగా లాగి చుట్ట చుట్టి తన సంచిలో వేసుకున్నాడు. ఆమె నా చేతిలోని ఫైలు వైపు చూసి, నా వైపు వంగి అడిగింది.

"అక్కా, నీకు సుత నాలికేనా?"

ఔనన్నాను. ఆమె అటూ ఇటూ చూసి, టక్కున నాలుక బయటపెట్టి నాకు చూపించింది. ఎడమ అంచున చింతగింజంత పుండు. ఏమనుకున్నానో ఏమో, నేనూ నాలుక బయటపెట్టి చూపించాను. నాది కుడి అంచు, అదే చింతగింజంత. ఇద్దరు పెద్దాడవాళ్లు ఒకరికొకరు నాలుకలు చూపించుకుంటుంటే గేటు దగ్గర సెక్యూరిటీ అతను తల తిప్పేసుకున్నాడు. ఇద్దరం నవ్వాం. ఆ జబ్బు పేరు విన్నాక నేను నవ్వింది అప్పుడే.

యాప్రాల్‌లో ఆమెకు చీరలకు ఫాల్, పీకో కుట్టే చిన్న దుకాణం ఉంది. జాకెట్లూ కుడుతుంది. భర్త ఒక కాలనీలో నీళ్ల మోటార్లూ, కరెంటూ చూసుకుంటాడు. పెళ్లిళ్లలో పాన్ వేసుకోవడం తప్ప ఏ అలవాటూ లేదని, అయినా డాక్టరు అడిగిన తీరుకు తనే దొంగతనం చేసినట్టు తల దించుకున్నానని చెప్పింది. ఇద్దరి ఫైళ్ల మీదా తొలి దశ అనే రాశారు. సర్జన్ ఒక్కడే. ఆపరేషన్లు రెండు రోజుల తేడాతో అయ్యాయి. వార్డులో పక్కపక్క మంచాలు దొరికాయి.

పుండు చుట్టూ బాగున్న కండ కూడా కొంత కలిపి తీసేశారు. ముక్కులోంచి గొట్టం వేసి పాలూ రాగిజావా పోసేవారు. నాలుక నోటినిండా వాచి ఉంది. మాట్లాడొద్దన్నారు. బడి నుంచి తెచ్చుకున్న పొడుగు నోటుబుక్కు ఒకటి నా సంచిలో ఉంటే, మా ఇద్దరి కబుర్లకూ అదే ఆధారమైంది. ఆమె ఏడో తరగతి దాకా చదివింది. మాట్లాడినట్టే రాసేది. "అన్నం ఎప్పుడు పెడ్తరట" అని రాసి పెన్ను నాకిచ్చేది. నేను జవాబు రాసి తిరిగి ఇచ్చేదాన్ని. ఒకసారి అలవాటు కొద్దీ ఆమె రాసిన ఒత్తు తప్పును దిద్దాను. ఆమె చూసి, నా చేతి మీద చిన్న దెబ్బ వేసి, ఆ పక్కనే "ఇంగ ఈడ సుత పరీచ్చలేనా" అని రాసింది. నవ్వితే కుట్లు లాగుతాయని ఇద్దరం నోటికి చేతులు అడ్డం పెట్టుకున్నాం.

ఐదో రోజున మాట్లాడి చూడమన్నారు. సర్జన్ నన్ను ఏదైనా చెప్పండి అన్నాడు. ఏం చెప్పాలో తోచక, నా కళ్ళు మండుతున్నాయండీ అన్నాను. నాలుక పైకి మడతపడలేదు. కళ్ళు కాస్తా కల్లు అయింది. నర్సు నవ్వాపుకుంది. ఇరవై రెండేళ్లు పిల్లల చేత ళ పలికించిన దాన్ని. ట, డ, ణ, ళ అన్నీ మెత్తబడిపోయాయి. ఆ మధ్యాహ్నం నేను గోడ వైపు తిరిగి పడుకున్నాను. ఆమె నా భుజం తట్టి తిప్పి, అప్పుడే వస్తున్న తన ముద్దమాటలతో అంది.

"ఆ అచ్చరం మాకెప్పుడుండె అక్కా. లేకుంటె బతుకుతలేమా?"

అంత ఓదార్పు నాకు ఇంకెవరూ చెప్పలేదు.

తీసిన కండ పరీక్ష రిపోర్టులు పది రోజులకు వచ్చాయి. ఇద్దరం ఒకే రోజు వెళ్లాం. నన్ను ముందు పిలిచారు. సర్జన్ కాగితం మీద పెన్ను కదుపుతూ చెప్పాడు. పైకి కనిపించే వెడల్పు ఒక లెక్క, లోపలికి ఎంత దిగిందన్నది ఇంకో లెక్క; లోతుగా దిగితే మెడలోని బిళ్లలకు, అంటే లింఫు గ్రంథులకు, పాకొచ్చు. మీది రెండు మిల్లీమీటర్ల పైచిలుకు లోతే. అంచులు శుభ్రంగా ఉన్నాయి, నరం దగ్గరికి పోలేదు. మెడ జోలికి ఇప్పుడు పోనక్కర్లేదు, ప్రతి నెలా వచ్చి మెడకు స్కానింగ్ తీయించుకోండి చాలు, అన్నాడు. ఇదంతా ఆయన చెప్పాడని ఇప్పుడు రాయగలుగుతున్నాను. ఆ రోజు నాకు వినిపించింది 'మెడ జోలికి పోనక్కర్లేదు' అన్న ఒక్క ముక్క. మిగతాదంతా గాలికి పోయింది. బయటికొచ్చి మా ఆయన చేయి పట్టుకుని కుర్చీలో కూర్చున్నాను.

తర్వాత వాళ్లు లోపలికి వెళ్లారు. చాలాసేపు రాలేదు. వచ్చినప్పుడు ఆమె భర్త నేరుగా నీళ్ల కుళాయి వైపు నడిచాడు. ఆమె నా పక్కన కూర్చుంది.

"మెడ సుత కొయ్యాలంటున్రక్కా. లోపల బిల్లలన్నీ తీస్తరట. స్కాన్‌ల ఏం లేదని ఆల్లే చెప్పిరి. ఏం లేనిదానికి కోసుడేంది? భుజం కొన్నాల్లు లేవదట. చెయ్యి లేవకుంటె మిషన్ మీద బట్ట ఎట్ల జరపాలె నేను?" అని, ఆగి, అడిగింది. "నీకు చెప్పిన్రా మెడ?"

హాలు నిండా జనం ఉన్నారు. నా గొంతు నాకే సిగ్గుగా ఉండేది ఆ రోజుల్లో. ఎదురు కుర్చీలో కాలేజీ పిల్లలిద్దరు కూర్చున్నారు, వాళ్ల ముందు నోరు విప్పబుద్ధి కాలేదు. సంచిలోంచి నోటుబుక్కు తీసి రాశాను. నాకు అవసరం లేదన్నారు. నీదీ నాదీ ఒకే సైజు. తొందరపడకు. ఇంకొకరిని అడుగు.

నాలుగు వాక్యాలు. గుండ్రటి అక్షరాలు. ఎక్కడా తప్పు లేదు.

ఆమె చదివింది. ముఖం కాస్త తేటపడింది. ఆ కాగితం చింపనా అని సైగ చేసి, చింపుకుని, నాలుగు మడతలు పెట్టి పర్సులో పెట్టుకుంది. "మా ఆయనకు సూపిస్త. టీచర్ రాసిందంటె ఇంటడు" అంది.

ఎందుకు రాశాను? ఈ ఐదేళ్లలో నన్ను నేను ఎన్నిసార్లు అడిగానో చెప్పలేను. ఆమె మేలు కోరే రాశానని చాలాకాలం చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆమెకు మెడ కోయాలంటే, అదే సైజు పుండున్న నాకూ రేపు కోయాల్సి వస్తుందేమో అని భయపడ్డాను. ఆమెకు అక్కర్లేదంటే నాకూ అక్కర్లేదు. మేమిద్దరం ఒకటే అని కాగితం మీద రాసుకుంటే నా భయం తగ్గుతుంది. నా ధైర్యం కోసం రాసుకున్న మాటను ఆమె చేతికిచ్చాను.

ఆమె ఆ ఆపరేషన్‌కు వెళ్లలేదు. ఫోన్లో చెప్పింది. నేను చెప్పినట్టే ఇంకొకరిని అడిగారట. వాళ్ల బస్తీలో జ్వరాలకు సూదులేసే ఆయన స్కానింగ్ కాగితం చూసి, గడ్డ లేనప్పుడు కోయించుకోవడమేంటి అన్నాడట. ఆసుపత్రి నుంచి రెండుసార్లు ఫోన్ వస్తే ఆలోచించి చెబుతామన్నారు. కనీసం నెలనెలా స్కానింగ్‌కైనా రండని వాళ్లన్నారు. మొదటి రెండు నెలలూ ఇద్దరం కలిసే వెళ్లాం. ఏమీ లేదన్నారు. బయట బండి దగ్గర ఇడ్లీలు సాంబారులో మెత్తగా నానబెట్టుకుని తిన్నాం. నేను బడికి తిరిగి వెళ్లాను. మొదటి వారం పిల్లలు నా ళ విని ఒకరినొకరు చూసుకున్నారు, తర్వాత అలవాటు పడ్డారు. మూడో నెల ఆమె రాలేదు. పెండ్లిల్ల సీజన్ అక్కా, జాకెట్లు కుప్ప పడ్డయి, వచ్చే వారం పోత అంది. వచ్చే వారం ఫోన్ చేస్తే మళ్లీ వచ్చే వారం అంది. నేను గట్టిగా చెప్పలేదు. నాకూ పదో తరగతి పరీక్షల హడావుడి.

ఎనిమిదో నెలలో ఒక సాయంత్రం ఫోన్ చేసి, దవడ కింద బిళ్ల కట్టింది, పన్ను నొప్పి వల్లేమో, మూడు వారాల నుంచి ఉప్పు కాపడం పెడుతున్నా తగ్గట్లేదు అంది. గొంతులో ఏ బెదురూ లేదు. రేపే ఆసుపత్రికి వెళ్దాం అన్నాను. "ఏందక్కా, గంత పరేషాన్ అయితవ్" అంది.

మర్నాడు బడికి సెలవు పెట్టి వెళ్లాను. సర్జన్ ఆమె దవడ కింద రెండు వేళ్లు పెట్టి చూసి, పాత రిపోర్టు తీయమన్నాడు. చదివి, భర్త వైపు చూసి, అప్పుడే చేయించుకోమన్నాను కదా అన్నాడు. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదనిపించింది. ఆమె భర్త నేల వైపు చూశాడు. ఆమె నా వైపు చూడలేదు. ఆ గదిలో నేను రాసిచ్చిన కాగితం గురించి తెలిసినవాళ్లం ముగ్గురం ఉన్నాం.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి నా ఫైలు తీశాను. ఎనిమిది నెలలుగా బీరువాలో ఉన్న నా రిపోర్టును మొదటిసారి పై నుంచి కింది దాకా చదివాను. అర్థంకాని ఇంగ్లీషు మాటల అర్థాలు ఫోన్లో వెతుక్కుంటూ చదివాను. పుండు పొడవు, వెడల్పు, దాని కింద ఒక వరసలో లోతు. అంచులు ఎంత దూరం. నరాల చుట్టూ కణాలున్నాయా, రక్తనాళాల్లో ఉన్నాయా. ఒక్కొక్క వరస ఒక్కొక్క ప్రశ్న. ఆమె రిపోర్టు కూడా అడిగి ఫోన్లో ఫోటో పెట్టించుకున్నాను. పొడవూ వెడల్పూ దాదాపు నావే. లోతు ఏడు మిల్లీమీటర్లు. నరం చుట్టూ కణాలు ఉన్నాయి. ఒక వైపు జబ్బు కోత అంచు దగ్గరి దాకా వచ్చింది. పైన ఒకేలా కనిపించిన రెండు పుండ్లు కింద ఒకటి కావు. లోతు అన్న వరస ఆ రోజు హాల్లో నా ఒళ్లో ఉన్న కాగితం మీదే అచ్చయి ఉంది. పిల్లలు ప్రశ్న సాంతం చదవకుండా జవాబు రాస్తే మార్కులు కొట్టేసే దాన్ని నేను.

మా ఆయనకు చెప్పాను. ఆయన, నువ్వేమైనా డాక్టరువా, వాళ్లు డాక్టరు మాట వినాలి గానీ అన్నాడు. అది నాకు ఊరట కలిగించాలని అన్న మాట. ఆమె డాక్టరు మాటకన్నా నా రాతను ఎక్కువ నమ్మిందన్నదే కదా నన్ను తింటున్నది.

మెడకు పెద్ద ఆపరేషన్ చేశారు. తీసిన బిళ్లల్లో ఒకదాని గోడ పగిలి జబ్బు బయటికి పాకిందని చెప్పారు. తర్వాత ఆరు వారాలు రేడియేషన్, వార్డు భాషలో కరెంటు పెట్టడం. ముఖానికి వల లాంటి మాస్కు బిగించి బల్ల మీద పడుకోబెట్టేవారు. శనివారాలు నేను తోడు వెళ్లేదాన్ని. నోరంతా పచ్చిపుండు, మెడ చర్మం నల్లగా మాడిపోయింది. కొబ్బరినీళ్లు సైతం మంటే. ఆమె భయపడినట్టే భుజం లేవలేదు. దుకాణానికి ఇంకో అమ్మాయిని పెట్టుకుంది. నేను ఆమెతో కాగితం మాట ఎత్తలేదు. ప్రతి శనివారం ఇంటి నుంచి చెప్పాలనే బయలుదేరేదాన్ని. అక్కడికి వెళ్లాక, ఇప్పుడెందుకు, ఆమె తేరుకున్నాక చెబుదాం అనుకునేదాన్ని.

ఆమె తేరుకుంది కూడా. నాలుగు నెలలు బాగానే గడిచాయి. దుకాణంలో మళ్లీ కూర్చుంది, ఎడమ చేయి ఒళ్లో పెట్టుకుని కుడిచేత్తో గుడ్డ జరుపుతూ. తర్వాత మళ్లీ వచ్చింది, ఈసారి మెడలోనూ, ఊపిరితిత్తుల్లోనూ. ఇక కోయడానికి లేదన్నారు. మందులతో కొన్నాళ్లు చూద్దామన్నారు.

అప్పుడు వెళ్లాను, ఒక మధ్యాహ్నం, ఆటోలో యాప్రాల్‌కు. దుకాణం షట్టరు సగం దించి ఉంది. లోపల ఆమె మిషన్ ముందు స్టూలు మీద కూర్చుని ఉంది, కుట్టడం లేదు. బాగా చిక్కిపోయింది. నోరు రెండు వేళ్ల వెడల్పు కూడా తెరుచుకోవడం లేదు. నన్ను చూసి పక్కనున్న ప్లాస్టిక్ కుర్చీ కాలితో నా వైపు తోసింది.

కూర్చుని చెప్పాను. ఆ రోజు రాసినది తప్పని, నా రిపోర్టు నేనే సరిగా చదవలేదని, నా భయం కొద్దీ రాశానని, లోతు వేరని అప్పుడు నాకు తెలియదని, తెలుసుకోవాల్సిందని చెప్పాను. నా నాలుక అప్పటికి చాలావరకు బాగుపడింది, బడిలో తడబడకుండా పాఠం చెప్పేదాన్ని. అక్కడ మాత్రం సగం మాటలు చితికిపోయాయి. క్షమించు అన్న మాట వచ్చేసరికి ఏడుపొచ్చింది.

ఆమె వింది. మిషన్ మీద ఉన్న గుడ్డ అంచును బొటనవేలితో రుద్దుతూ కూర్చుంది. బయట రోడ్డు మీద నీళ్ల ట్యాంకరు పోతుంటే అది పోయేదాకా ఆగింది. పళ్ల సందుల్లోంచి మాట మెల్లగా వచ్చింది.

"మల్ల అట్ల ఎవ్వలకు జెప్పకక్కా."

అంతే. నీ తప్పేం లేదనలేదు. నీవల్లే అనలేదు. కాసేపాగి, చాయ్ తాగుతవా అని, లోపలి నుంచి అమ్మాయిని కేకేయబోతే గొంతు పెగల్లేదు. నేనే లేచి వెళ్లి రెండు చాయ్‌లు తెచ్చాను. ఆమె తన గ్లాసును చల్లారేదాకా రెండు చేతుల మధ్య పట్టుకుని ఉంది. తాగలేకపోయింది.

వానలు షురూ అయిన వారంలో ఆమె పోయింది. పదకొండో రోజు భోజనాలకు ఆమె భర్త ఫోన్ చేసి పిలిచాడు. వెళ్లకుండా ఉండలేకపోయాను. ఇంటి ముందు టెంటు వేశారు, వాన నీళ్లు గుడ్డ మధ్యలో గుంట కట్టి కారుతున్నాయి. ఆయన నన్ను తన అన్నకూ, మేనత్తకూ పరిచయం చేశాడు. "ఈ టీచరమ్మ మా ఆమెకు మస్తు ధైర్యం చెప్పింది. సొంత అక్క లెక్క ఉన్నది" అన్నాడు. ఆ కాగితం చదివిన మనిషి. ఎగతాళి ఏమైనా ఉందేమోనని ఆయన ముఖంలో వెతికాను. లేదు. ఎర్రబడ్డ కళ్లతో, నిజంగానే అంటున్నాడు. మేనత్త నా రెండు చేతులూ పట్టుకుని కళ్లకద్దుకుంది. నేను చేతులు వెనక్కి తీసుకోలేకపోయాను. వాళ్లు విస్తరి వేశారు. తిన్నాను.

ఆ తర్వాత నాకు వచ్చిన మార్పులు బయటికి పెద్దగా కనిపించేవి కావు. బోర్డు మీద గుండ్రంగా అక్షరాలు రాస్తున్నప్పుడు హఠాత్తుగా ఆ నాలుగు వాక్యాలు అదే దస్తూరీతో కళ్ల ముందు నిలిచేవి. వెనక పిల్లలు ఎదురుచూస్తుంటే సుద్దముక్క పట్టుకుని అలాగే నిలబడిపోయేదాన్ని. స్నానం చేసేటప్పుడు దవడ కింద, చెవి కింద, మెడ పక్కన వేళ్లతో వెతకడం అలవాటైంది. మొదట్లో వెతికింది నా కోసమే. తర్వాత్తర్వాత, అక్కడ ఏదైనా తగిలితే న్యాయం సరిపోతుందేమో అన్న ఆలోచన కూడా వచ్చేది. ఏమీ తగిలేది కాదు. నెలనెలా స్కానింగ్ రెండు నెలలకోసారి అయింది, తర్వాత ఆరు నెలలకోసారి రమ్మన్నారు. ప్రతిసారీ శుభ్రంగా ఉందన్నారు. ఆ ఇనప కుర్చీల్లో కూర్చున్నప్పుడల్లా నా ఎడమ పక్క కుర్చీలో ఎవరైనా కూర్చుంటే బాగుండునని, ఎవరూ కూర్చోకపోతే బాగుండునని రెండూ అనిపించేవి. ఒకసారి వెనక నుంచి ఎవరో "అక్కా" అంటే చటుక్కున లేచి నిలబడ్డాను. ఆమె గొంతే. తిరిగి చూస్తే ఎవరో పిల్ల తన అక్కను పిలుస్తోంది.

మొన్న ఐదేళ్లు నిండిన పరీక్షకు వెళ్లాను. సర్జన్‌కు జుట్టు బాగా నెరిసింది. నా నాలుక తుడిచి, నొక్కి, మెడ చూసి, ఇకమీదట ఏడాదికోసారి చాలు అన్నాడు. థాంక్స్ చెప్పి లేవబోయి మళ్లీ కూర్చున్నాను. ఆమెను గుర్తు చేశాను. ఆయనకు పేరుతో గుర్తు రాలేదు, యాప్రాల్ టైలరమ్మ అంటే గుర్తొచ్చింది.

అప్పుడే మెడ చేయించుకుని ఉంటే బతికేదా అని అడిగాను.

ఆయన నా ఫైలు మూసి పక్కన పెట్టాడు. "కచ్చితంగా అని ఎవరమూ చెప్పలేమమ్మా" అన్నాడు. "ఆమెది నరం చుట్టూ ఉంది, లోతుగా ఉంది. అన్నీ చేసినా కొందరికి తిరగబెడుతుంది. కానీ మెడలో పైకి తేలకముందే తీసేస్తే అవకాశం ఎక్కువ. అందుకే అంతగా చెప్పాం. మీకు ఇంకోలా చెప్పాలని ఉంది గానీ, అది అబద్ధం అవుతుంది."

ఆయనకు ఆ కాగితం సంగతి తెలుసో తెలియదో. మీరేమైనా చెప్పారా ఆమెకు అని అడుగుతాడేమోనని చూశాను. అడగలేదు. బయట వరస పొడుగ్గా ఉంది.

మందుల చీటీ మీద ముద్ర కోసం హాల్లో కూర్చున్నాను. ఎదురుగా ఒక పెద్దావిడ, పక్కన కూతురు. కూతురికి ముప్పై ఉంటాయి, మెడలో ఏదో కంపెనీ ఐడీ కార్డు. తల్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. కూతురు నా ఫైలు మీద విభాగం పేరు చూసి, ఆంటీ, మీకూ నాలుకేనా, ఎన్నేళ్లయింది అని అడిగింది. ఐదేళ్లు అన్నాను. ఆ మాట విని తల్లి కొంగు దించింది. మీది ఎంత సైజు ఉండేది ఆంటీ అని అడిగింది కూతురు. అమ్మది చాలా చిన్నది, ఇంతే, అని చిటికెన వేలి గోరు చూపించింది. మరి మెడ కూడా తీస్తామంటున్నారు, అవసరమంటారా?

నా నోరు తెరుచుకుంది. చేయించండి, ఆలస్యం చేయొద్దు, అని గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆగింది. ఆ తల్లి నోట్లో ఏముందో నేను చూడలేదు. చూసినా పైన ఉన్నదే కదా కనిపించేది. ఇప్పుడు చేయించుకోండి అని చెబుతున్నది కూడా నా భయమే, ఈసారి ఇంకో వైపు నుంచి.

నాది వదిలెయ్యమ్మా, నాదీ మీ అమ్మదీ ఒకటి కాదు అన్నాను. మీ అమ్మ కాగితాల్లో లోతు అన్న వరస ఉందేమో చూడమన్నాను. ఆ అమ్మాయి ఫైలు తీసి వెతికింది. వేలితో వరసలు దిగుతూ ఒక చోట ఆగింది. అంకె నాకు చూపించబోతే నేను తల పక్కకు తిప్పుకున్నాను. ఆ అంకె చూపించి, మెడ ఎందుకో, చేయించుకోకపోతే ఏమవుతుందో డాక్టర్నే అడగండి, అర్థం కాకపోతే రెండోసారి అడగండి, రాసుకోండి అన్నాను. అడగండి అన్నప్పుడు నాలుక కొంచెం జారింది. ఆ అమ్మాయి గమనించలేదు, లేదా గమనించనట్టు ఉండిపోయింది.

వాళ్ల నంబరు పిలిచారు. తల్లి లేవడానికి నా కుర్చీ చేయి పట్టుకుని లేచింది. ఇద్దరూ లోపలికి వెళ్లారు, తలుపు మూసుకుంది. నా చీటీ మీద ముద్ర పడ్డాక కూడా కాసేపు కూర్చున్నాను. పావుగంట, ఇరవై నిమిషాలు. తలుపు తెరుచుకోలేదు. మా ఆయన కింద బండి దగ్గర ఎదురుచూస్తున్నానని ఫోన్ చేశాడు. మెట్లు దిగి వచ్చేశాను. వాళ్లు ఏం నిర్ణయించుకున్నారో నాకు తెలియదు.